చక్రాల మీద నీళ్లు

మా ముత్తాత పద్నాలుగు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన కొడుకు, అంటే మా తాత, తాలూకా కచేరీకి వెళ్తే తహసీల్దారు లేచి నిలబడి కుర్చీ చూపించేవాడట. నా కాలానికి ఊళ్లూ లేవు, కుర్చీ చూపించేవారూ లేరు. గడిలో సగం కప్పు కూలిపోయింది. మిగిలిన సగంలో అమ్మ, నేను. వాకిట్లో ఒక పాత తెల్ల కారు.

ఒక ఆచారం కూడా మిగిలింది. తాత బగ్గీ వాకిట్లో ఆగగానే, ఆయన దిగేలోపే చక్రాల మీద ఇత్తడి బిందెతో నీళ్లు పోసేవారు. బగ్గీ పోయి కారు వచ్చినా అమ్మ ఆ పద్ధతి మాననివ్వలేదు. పోసే పనివాళ్లు వెళ్లిపోయాక నేనే పోసేవాణ్ణి. ముందు చక్రాలకు చెరొక బిందె. చుయ్‌మని ఆవిరి లేచేది. ఆ చప్పుడు నాకు ఇష్టం.

ఎనభైల చివర్లో అమ్మ రెండు కళ్లకూ పొర కమ్మింది. హైదరాబాద్‌లో ఆపరేషన్‌కు రోజు ఖాయమైంది. ఇంకో వారమే ఉంది. సరిగ్గా అప్పుడే కారు వణకడం మొదలుపెట్టింది. నడుస్తుంటే బాగానే ఉండేది. బ్రేకు తొక్కితే చాలు, స్టీరింగు చేతుల్లో గజగజలాడేది. అమ్మను కూర్చోబెట్టి ఊరి చివరి దాకా వెళ్లి చూశాను. బ్రేకు వేయగానే ఆమె ముందు సీటును రెండు చేతులా పట్టుకుంది.

"ఆపు కొడుకా! కండ్లు కనవడని దాన్ని, ఇది నన్ను ఏడ పడేస్తదో!"

"బస్సుల పోదమా అమ్మా?"

"ఈ ఇంటికి కోడలుగ వచ్చినంక బస్సెక్కలే. ఇప్పుడెక్క. పోతే పోనీ కండ్లు."

అమ్మ అన్నదంటే ఆ మాట మీదే నిలబడేది.

టైర్లు మార్పించాను, వణుకు పోలేదు. నల్లగొండ బస్టాండు వెనక ఒక మెకానిక్ ఉస్తాద్ ఉన్నాడని, చేయి మంచిదని అందరూ చెప్పారు. అతని తండ్రి మా గడిలో బగ్గీ చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించినవాడు. ఆయన కొడుకు ముందు ఈ కారు నిలబెట్టి సాయం అడగడానికి నాకు మనసొప్పలేదు. నాలుగు రోజులే మిగిలాక వెళ్లాను.

అతను నన్ను దొరా అనలేదు.

"సార్, పక్కకు జరుగున్రి. జర నేను నడుపుత."

ఖాళీ రోడ్డు మీద బ్రేకు తొక్కకుండా, చేతి బ్రేకును కొద్దికొద్దిగా లాగాడు. కారు వణక్కుండా ఆగింది.

"చేతి బ్రేకు ఎనక చక్రాలనే పట్టుకుంటది. ఎనక సాఫుగున్నది. కథంత ముందట్నే ఉన్నది."

షెడ్డుకు తెచ్చి ముందు చక్రాన్ని జాకీ మీద లేపాడు. చక్రంతో పాటు తిరిగే ఇనుప డ్రమ్ముకు లోపలి బ్రేకు షూలు తగిలీ తగలనంతగా బిగించి చక్రాన్ని చేత్తో తిప్పాడు. కొంత దూరం మెత్తగా తిరిగి, ఒకచోట సర్రుమని రాసుకుంది. మళ్లీ మెత్తగా, మళ్లీ సర్రుమని.

"డ్రమ్ము గుండ్రం పోయింది సార్. ఒక జాగల పట్టుకుంటది, ఒక జాగల ఇడుస్తది. గదే వణుకుడు." డ్రమ్ము ఊడదీసి, లోపలి నీలి మచ్చల మీద వేలు పెట్టాడు. "కాలుతున్నప్పుడు నీళ్లు గిట్ల పోస్తున్నరా? కాలిన ఇనుము సల్లనీళ్లకు వంకర పోతది."

నాకు ఇత్తడి బిందె గుర్తొచ్చింది. మా ఊరు గుట్ట కింద ఉంది. దిగుడు పొడుగునా కాలు బ్రేకు మీదే ఉండాలి. ఇల్లు చేరేసరికి డ్రమ్ములు పెనంలా కాలుతుంటాయి.

అతనికే అర్థమైంది. "గడి మర్యాదనా?" అని నవ్వాడు. "గది మర్యాద గాదు సార్, మరమ్మతు. ఎండకు కట్టె చక్రం ఎండి పట్టా వదులైతది. నీళ్లు తాగితే కట్టె ఉబ్బి బిగుస్తది. మీ తాతకు పోయమని చెప్పిందే మా బాబా."

నాకు కోపం రావలసింది. రాలేదు. ఇన్నేళ్లుగా మేము గౌరవమనుకున్నది అతని తండ్రి చెప్పిన పని.

డ్రమ్ములను లేత్ మిషను మీద లోపలివైపు పలచగా కోయించి గుండ్రం చేయించాడు, కొత్త షూలు వేశాడు. "ఇంక కోసేటందుకు లేదు. మల్ల నీళ్లు పోస్తే కొత్తయి కొనుడే."

"అమ్మకెట్ల చెప్పాలె ఉస్తాద్?"

"నేనొస్త పదున్రి."

గడి ముందు కారు ఆగగానే అమ్మ లోపలి నుంచి నీళ్లు పోయమని కేక వేసింది. ఉస్తాద్ అరుగు కింద నిలబడ్డాడు.

"అమ్మా, మీ బగ్గీ చక్రాలు చేసినాయన కొడుకును. మా బాబా మాట మీ మామ ఇన్నడు. నా మాట మీరు ఇనున్రి. ఇది ఇనుము, దీనికి కట్టె లెక్క నీళ్ల దూప గాదు. సల్లారినంక పొయ్యున్రి."

"ఎంతసేపు సల్లారాలె?"

"నేను చాయ తాగేంత సేపు."

"అట్ల చెప్పు, చాయ కోసం వచ్చినవ్!" అని అమ్మ నవ్వింది. అరుగు మీద కుర్చీ వేయమంది. అతని తండ్రి ఆ వాకిట్లో ఎన్నడూ కూర్చోలేదు. కుర్చీ నేనే తెచ్చి వేశాను.

హైదరాబాద్ దారిలో బర్రెల మంద అడ్డం వస్తే గట్టిగా బ్రేకు తొక్కాను. కాసేపటికి వెనక నుంచి అమ్మ అడిగింది.

"ఆగినమా కొడుకా?"

"ఆగినమమ్మా."

"తెల్వనే లేదు."

ముందు ఒక కన్ను, ఆరు నెలలకు రెండో కన్ను బాగయ్యాయి. రెండుసార్లూ ఆ కారులోనే వెళ్లాం. తర్వాత దాన్ని షాద్‌నగర్‌లో ఒక వడ్ల వ్యాపారికి అమ్మాను. ఇత్తడి బిందెను అమ్మ పోయాక అమ్మాను.