అమ్మ చివరి వాయిదా

కుప్పంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తాను. కంటికి ఆననిది కనీసం మైక్రోస్కోపు కిందైనా కనబడాలి, లేదంటే అది లేనట్టే. ఇదీ నా లెక్క. గాలి సోకిందని తాయెత్తు కట్టుకొచ్చిన వాళ్ళను "ముందు హిమోగ్లోబిన్ ఎంతుందో చూసుకోండమ్మా" అని కసిరే రకాన్ని నేను. ఇది చదివి మీరు నన్ను కసిరినా ఏమీ అనుకోను.

నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మా నాన్నా విడిపోయారు. అమ్మది పుంగనూరు, నాన్నది కుప్పం. బిడ్డను తనకు ఇప్పించమని అమ్మ మదనపల్లెలో కేసు వేసింది. అది తేలకముందే కామెర్లతో చనిపోయింది. నన్ను నాన్న, నాన్న తల్లి అయిన మా అవ్వ పెంచారు. అవ్వ మంచిదే. కానీ కోపం వస్తే చాలు, ఒకటే మాట అనేది. "మీయమ్మకు నువ్వేం అక్కర్లేదు పో. కోర్టుకే రాల్యా ఆయమ్మ."

ముప్పై ఏళ్ళు దాటినా ఆ మాట నన్ను వదల్లేదు. కడుపున పుట్టిన బిడ్డను వద్దనుకున్న మనిషి అనుకుని అమ్మ ఫొటో కూడా ఇంట్లో పెట్టుకోలేదు.

నిరుడు నాన్న పోయాక బీరువాలో పాత సమన్ల కాగితం ఒకటి దొరికింది. దాని మీద కేసు నంబరు ఉంది. అమ్మ నిజంగానే రాలేదా? ఆ ఒక్కటీ తెలుసుకోవాలనిపించింది. మదనపల్లె వెళ్ళి, ఆ బిడ్డను నేనేనని రుజువులు చూపించి, నకలుకు దరఖాస్తు పెట్టాను. అది ఏ కోర్టో చెప్పను, ఎవరినీ ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.

రికార్డు రూములో ఉన్న ఆమెకు రిటైర్మెంటు దగ్గర పడినట్టుంది. "ఇంత పాత కట్ట ఉంటాదో ఉండదో చెప్పలేనమ్మా. కాలం తీరినవి చింపేస్తారు" అంది. అయినా దుమ్ముకు ముక్కుకు గుడ్డ కట్టుకుని రెండు రోజులు వెతికింది. ఎవరి బిడ్డనో నేను, ఆమెకేం పట్టింది చెప్పండి! మూడో రోజు పొద్దున్నే ఫోను. "ఉండాది, రామ్మా. చింపేదానికి పక్కన పెట్టిన వాటిల్లో ఉన్నింది."

కట్ట తన టేబులు మీదే విప్పింది. మొదట వాయిదాల కాగితాలు. ప్రతి దాంట్లోనూ పిలిచినారు, పిటిషనరు హాజరు అని ఉంది. పిటిషనరు అంటే మా అమ్మ.

వాటి కింద ఇంకో కాగితం ఉంది. కేసు తేలేదాకా వాయిదా రోజున అమ్మ నాతో అరగంట కోర్టు వరండాలో కూర్చోవచ్చని జడ్జి ఉత్తర్వు ఇచ్చారట. నాన్న తరఫువాళ్ళు దగ్గరికి రాకూడదు. బిడ్డను చూపించలేదని రేపు ఎవరూ అనకుండా ప్రతి వాయిదాకూ తేదీ వేసి అమ్మ సంతకం, పక్కన నా వేలిముద్ర, సాక్షిగా అటెండరు సంతకం.

ఒక్క వాయిదా తప్పలేదు. ఒకచోట అటెండరు "జ్వరముతో ఉన్నది, కూర్చోలేకున్నది" అని కూడా రాశాడు. అక్కడా అమ్మ సంతకం ఉంది, కొంచెం వణికింది అంతే. ఆ టేబులు దగ్గరే సిగ్గు విడిచి ఏడ్చాను. ఎంత అన్యాయంగా తలచుకున్నాను నా తల్లిని!

నేను కళ్ళు తుడుచుకుంటుంటే రికార్డు రూము ఆమె మిగతా కాగితాలు తిప్పుతోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. "ఇదేందమ్మా ఇది? సూడు" అంది.

అట్టడుగున అమ్మ తరఫు వకీలు వేసిన మెమో, దానికి జతగా అమ్మ మరణ ధ్రువీకరణ పత్రం. పిటిషనరు మరణించినందున కేసు ముగిసింది అని జడ్జి రాశారు. వరండా కాగితంలో అమ్మ చివరి సంతకం చూస్తే, ఆమె పోయిన తొమ్మిది రోజులకు పెట్టి ఉంది.

తేదీ తప్పు పడి ఉంటుందన్నాను. నా బుద్ధి అటే పోతుంది. ఆ రోజు వాయిదా కాగితం చూశాం. అదే తేదీ, పిటిషనరు హాజరు, కింద జడ్జి పొట్టి సంతకం. నా వేలిముద్రలు చూశాను. చిన్నప్పుడు కత్తిపీటకు తెగి నా బొటనవేలికి అడ్డంగా మచ్చ పడింది. ముందు వాయిదాల ముద్రల్లో ఆ గీత లేదు. చివరి దాంట్లో ఉంది. అంటే అది మిగతా వాటి తర్వాత వేరే రోజు పడిన ముద్రే.

అప్పుడు గుర్తొచ్చింది. కల అనుకుని ఎప్పుడో పక్కకు నెట్టేసిన సంగతి. వరండాలో అమ్మ నా వేలికంటిన సిరాను కొంగుతో తుడుస్తోంది. ఎప్పుడూ తెచ్చే బొరుగుల ఉండలు ఆ రోజు తేలేదు. కోసుకున్న వేలిని చాలాసేపు పట్టుకుని కూర్చుంది. తర్వాత నేను ఎదురుగా టీ అంగడి దగ్గరున్న నాన్న దగ్గరికి పరుగెత్తి, అమ్మ నా వేలు తుడిచిందని చెప్పాను. నాన్న చెంప మీద కొట్టాడు. జీవితంలో ఆయన నన్ను కొట్టింది అదొక్కసారే.

నకళ్ళు తీసుకుని తిరుగు దారిలో పుంగనూరులో దిగాను. అమ్మ తమ్ముడు, మా మామ, అక్కడే ఉంటాడు. కాగితం చేతికిస్తే కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మా అక్క సంతకమే పాపా" అన్నాడు. "ఆ పొద్దుకు మట్టి చేసి వారం దాటిండాది. వాయిదా ఉండాదని గుర్తొచ్చి నేనే పోయినా మదనపల్లెకు. టీ అంగట్లో మీ నాయనకు చెప్పినా. లోపలికి పోయి వకీలుకు చెప్పేదానికి కాళ్ళు రాల్యా నాకు. మళ్ళా బస్సెక్కేసినా."

నాన్న ఎందుకు కొట్టాడో అప్పటికి అర్థమైంది. నేను వెళ్ళి అమ్మ వచ్చిందని చెప్పింది, అమ్మ లేదన్న మాట ఆయన చెవిన పడిన కాసేపటికే. అమ్మ రాలేదని నన్ను నమ్మించడానికి బహుశా అవ్వ "రాల్యా" కూడా ఆ రోజే మొదలై ఉంటుంది.

వేరే ఎవరైనా అమ్మ బదులు సంతకం పెట్టారేమోనని అడిగాను. "ఎవురు పెడతారమ్మా? మా ఇంట్లో ఉన్నింది అక్కా నేనూ ఇద్దరమే" అన్నాడు మామ. సాక్షి అటెండరు కోసం కూడా విచారించాను. సంతకం చదవడానికి రాలేదు, తెలిసినవాళ్ళూ దొరకలేదు.

మరణ పత్రం, వాయిదా కాగితం, వరండా కాగితం, మూడూ పక్కపక్కన పెట్టి ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో. ల్యాబులో రెండు రిపోర్టులు ఒకదానికొకటి పొసగకపోతే మళ్ళీ పరీక్ష చేస్తాం. దీనికి ఏ పరీక్ష చేయాలో నాకు తెలియదు. దయ్యం అనడానికి ఇప్పటికీ నోరు రాదు, అబద్ధం అనడానికీ రాదు.

కాస్త తలనొప్పి వస్తేనే ల్యాబుకు సెలవు చీటీ పెట్టే మనిషిని నేను. మా అమ్మ చచ్చిపోయి కూడా నా కోసం వాయిదా తప్పలేదు.