పంటు మీద పరిచిన తువ్వాలు

తొంభైల్లో ఓ వేసవి సాయంత్రం నర్సాపురం రేవులో గోదావరి దాటించే పంటెక్కాను. చేతిలో గాలం, ఖాళీ సంచి. ఆ గాలానికి చేపలకంటే నా చొక్కాయే ఎక్కువసార్లు చిక్కింది. ఆ మాటే చెప్తే పక్కనున్న ముసలి జాలరి నవ్వలేదు.

"మీ తప్పు కాదండి. నీళ్లమీద పురుగు లేస్తేనే చేప పైకొస్తుందండి. ఈ ఏడు పురుగే లేదు," అంటూ తెల్ల తువ్వాలు ఒళ్లో పరిచాడు. "ఇదివరకు ఏరు దాటేలోపు పురుగులు వాలి ఇది నల్లబడిపోయేదండి. ఈవేళ నాలుగైనా వాలితే ఉండిపోతానండి. లేదంటే కాకినాడ హార్బర్లో కూలికెళ్లడమే."

ఇద్దరం తువ్వాలునే చూస్తూ కూర్చున్నాం. మొక్కులు నాకు అలవాటు లేదు గానీ, ఆరోజు దోమకు కూడా మొక్కాను.

అవతలి ఒడ్డు వచ్చింది. ఆయన లేచి, ఏమీ లేని తువ్వాలును అలవాటుగా రెండుసార్లు నీళ్లమీదికి దులిపాడు.

"కాకినాడ బస్సు ఎక్కడాగుద్దండి?"

నాకు తెలుసు. గాలం భుజాన వేసుకుని, బస్సాగే చోటిదాకా ఆయనతోనే నడిచాను.