నా కాలు చెప్పిన వాక్యం

డెబ్బైల చివర్లో పెళ్లయి బాన్సువాడకు కాపురానికొచ్చాను. కోడలు పదో తరగతి చదివిందని మా అత్తమ్మకు మహా గొప్ప. ఆదివారం చర్చిలో జరిగే స్త్రీల కూడికలో నేను దేవుని వాక్యం చెబుతానని, నన్ను అడగకుండానే పాస్టరమ్మకు మాటిచ్చేసింది.

దేవుడు మన శరీరంలో పెట్టిన పాఠాలు చెబుదామనుకున్నాను. కళ్లు, చెవులు, నాలుక, గుండె, చేతులు, ఒక్కోదానికి ఒక్కో పాఠం రాసుకుని మూడు రోజులు బట్టీపట్టాను.

ఆ రోజు అందరం చాపల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాం. ముందుగా ప్రార్థన చేసిన పాస్టరమ్మ ఊళ్లో జబ్బుపడ్డవాళ్లందరినీ పేరుపేరునా తలచుకుంది. అరగంట పట్టింది. ఆమె నన్ను పిలవగానే గబుక్కున లేచాను. కుడికాలు నాది కానట్టు మడతపడింది. ముందు వరుసలో ఉన్న అత్తమ్మ ఒళ్లో కాగితంతో సహా పడ్డాను.

"ఏందే గిది?" అంది అత్తమ్మ పళ్లు బిగబట్టి.

"కాలు తిమ్మిరెక్కిందత్తమ్మా."

ఎప్పుడూ తలుపు దగ్గరే కూర్చునే శాంతవ్వ లేచి వచ్చింది. ఏడాదంతా పొలాల్లో కూలిపని చేసే మనిషి. నా పాదం పట్టుకుని రుద్దుతూ, "కాలు గురించి ఏం రాసుకున్నవ్ బిడ్డా?" అంది.

కాగితం చూసుకున్నాను. కాలు ఊసే లేదు. ఆ మాటే చెప్పాను.

"ఎవ్వలు పిలువకపోతె ఇగ అది పండుకోక ఏంజేస్తది?" అంది శాంతవ్వ.

అందరూ కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం సిగ్గేసింది. శాంతవ్వను కూడా ఇన్నేళ్లలో ఎవరూ ముందుకు పిలవలేదట.

పాస్టరమ్మను అడిగి, మరుసటి ఆదివారం ప్రార్థనకు శాంతవ్వను ముందుకు పిలిపించాను. రెండే నిమిషాలు. ఎవరి కాలూ తిమ్మిరెక్కలేదు.