జుట్టు కాలిన వాసన

మా అమ్మాయి స్ట్రెయిట్‌నర్‌తో జుట్టు మాడ్చుకున్నప్పుడల్లా నా చెయ్యి మెడ వెనక్కి పోతుంది.

అప్పుడు నాకు ఆరేళ్లు. నాన్న కెనడాలోని గ్వెల్ఫ్‌లో బట్టల మిల్లులో రంగుల కెమిస్ట్. ఓ సాయంత్రం అమ్మ కొత్త చీర అంచులోంచి పోగు లాగి, కాల్చి, వాసన చూశాడు.

"జుట్టు కాలిన వాసనే. అసలు పట్టే!"

అంటే పట్టుచీరలు జుట్టుతో నేస్తారన్నమాట! ఎవరి జుట్టుతో? రోజూ మిల్లు నుంచి రాగానే, నీలిరంగు అంటిన వేళ్లతో నా జడ నిమిరి "పట్టులా ఉందే తల్లీ" అనేవాడు నాన్న.

మర్నాడే జడ కత్తిరించి, ఇంటి వెనక మంచులో పాతేశాను. ఎందుకని నాన్న అడిగినప్పుడల్లా టోపీ చెవులదాకా లాక్కునేదాన్ని.

నాన్న పోయాక, దారాల నమూనాలు అతికించుకున్న ఆయన పుస్తకం తెరిచాను. చివరి పేజీలో నా జడ. దాని కింద నాన్న చేతిరాత: "అసలు పట్టు."