గాడిద దగ్గర ఆపేశాను

పిల్లలకి ఒక దైవాజ్ఞ నేర్పించాను. అందులో చివరి మాట మింగేశాను. పదేళ్ళ పైనే అయింది, ఆ మాట ఇంకా నా గొంతులోనే ఉంది. పైకి చూస్తే ఎంత చిన్న విషయమో నాకూ తెలుసు. దీనికి నన్నెవరూ పట్టుకోరు, ఎవరూ నిలదీయరు. మా ఆయనకి చెబితే నీకేం పన్లేదా అంటాడు. అందుకే మీకు చెబుతున్నాను. మీకు నా పేరు తెలీదు, నాకు అదే సుఖంగా ఉంది.

మేం ఈ పరాయి దేశంలో హౌగాంగ్ అనే పేటలో ఉంటాం. నాది బ్యాంకులో ఉద్యోగం, ఆయనది సాఫ్ట్‌వేర్. ఆదివారం పొద్దున అద్దె హాల్లో మా తెలుగువాళ్ళ ఆరాధన జరుగుతుంది. అది అయ్యాక పిల్లల సండే స్కూలు నాది. మొదట్లో నాకు అంటగట్టారు. బాగా చెబుతానని పేరొచ్చాక నేనే వదల్లేదు. పొగడ్తలంటే నాకు కాస్త యావ, ఆ సంగతి మీ దగ్గర దాచి లాభం లేదు.

మా చిన్నాడు నెలల పిల్లాడుగా ఉన్నప్పుడు సుగుణ మా ఇంట్లో పనికి వచ్చింది. రాజోలు వైపు మనిషి. మేం పనిమనిషి అనేవాళ్ళం కాదు, మా ఇంటి మనిషి అనేవాళ్ళం. వినడానికి బావుంటుంది కదా. ఇంటి మనిషయితే సెలవడగదు.

అడిగింది. ఒక్కసారే అడిగింది. వంటింట్లో బెండకాయలు తరుగుతూ.

"అక్కా, మా చెల్లి సెంబవాంగ్‌లో ఒకళ్ళింట్లో పనిచేస్తందక్కా. దానికి ఆదివారం సెలవంట. ఒక్క పూట వెళ్ళొస్తాను."

"ఆదివారమా? నేను క్లాసు చెప్పేటప్పుడు బాబునెవరు చూస్తారే?"

"మధ్యాహ్నం అయినా పర్లేదక్కా."

"మధ్యాహ్నం ఎవరో ఒకళ్ళు భోజనానికొస్తారు, నీకు తెలుసుగా. అయినా వారం వారం మాతోపాటు చర్చికి తీసుకెళ్తున్నాం. అంతకంటే విశ్రాంతి ఇంకేం కావాలి చెప్పు?"

ఆమె తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసి, "కూరలో కొబ్బరి వెయ్యనా అక్కా?" అంది. వెయ్యమన్నాను.

హౌగాంగ్ నుంచి సెంబవాంగ్ ఎంత దూరమని? రెండుసార్లు రైలు మారితే వచ్చేస్తుంది. ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళు కదా అని మీరనొచ్చు. నేనూ అదే అనుకున్నాను. చట్టం దగ్గర కూడా నాకే చిక్కూ లేదు, వదులుకున్న సెలవులకి ఇవ్వాల్సిన డబ్బు ఇచ్చేశాం. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే మనిషి ఎంత హాయిగా నిద్రపోగలడో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను అలాగే నిద్రపోయాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే క్లాసులో పరదేశుల పాఠాలు మొదలుపెట్టాను. పాత నిబంధనలో పరదేశి గురించి ఎన్ని మాటలున్నాయో, చదువుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది. పొలం కోసేటప్పుడు అంచులు కొయ్యకుండా వదిలెయ్యాలి, అవి పరదేశికి. ఊళ్ళో వాడికీ బయటి నుంచి వచ్చినవాడికీ ఒకటే న్యాయం. పరదేశిని బాధపెట్టకూడదు, ఎందుకంటే మీరూ ఐగుప్తులో పరదేశులుగా బతికినవాళ్ళే, ఆ మనసు మీకు తెలుసు. ఇది చెబుతూ మా కథ కూడా చెప్పాను. వచ్చిన కొత్తలో ఇల్లు వెతుక్కుంటుంటే, ఇండియన్లు అనగానే, మీ వంట వాసన పడదని ఫోన్ పెట్టేసిన ఓనర్ల కథ. నా కష్టం చెప్పుకోవడం నాకెప్పుడూ బాగానే వచ్చు.

చివర్లో పిల్లల్ని అడిగాను, మరి మనలో పరదేశి ఎవరర్రా అని. మనమే టీచర్ అంటారనుకున్నా. ఒక గడుగ్గాయి చెయ్యెత్తి, "మనకి పీఆర్ వచ్చేసింది కదా, ఎప్పటికీ ఇక్కడే ఉండొచ్చు. సుగుణ ఆంటీ, లాహ్!" అన్నాడు, ఇక్కడి పిల్లల యాసలో.

పిల్లలందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూశారు. సుగుణ వెనక గోడవారగా కుర్చీలో మా బాబుని భుజానేసుకుని కూర్చుంది. నవ్వింది. నేనూ నవ్వేసి, ప్రార్థన చేసుకుందాం కళ్ళు మూసుకోండి అన్నాను.

ఆ తర్వాతి ఆదివారం విశ్రాంతి దినం ఆజ్ఞ. కంఠతా పట్టించాలి. పిల్లలకి సులువుగా ఉంటుందని ఒక్కో మాటకీ ఒక్కో అభినయం పెట్టాను. ఆ రోజు నువ్వు పని చెయ్యకూడదు, నీ కొడుకు చెయ్యకూడదు, నీ కూతురు చెయ్యకూడదు. దాసుడు, దాసి. ఆ దాసి అన్న మాట దగ్గర నాకేం తడబాటు రాలేదు. మా ఇంట్లో దాసీలెవరున్నారు? ఎద్దుకి కొమ్ములు పెట్టాం. గాడిదకి చెవులు పెట్టాం. ఇక ఒక్కటే మిగిలింది, నీ ఇంట్లో ఉన్న పరదేశి.

తలెత్తాను. సుగుణ అదే కుర్చీలో ఉంది. బాబు వీపు మీద మెల్లగా తడుతోంది, నా వైపే చూస్తోంది. ఆ మాట నేనంటే ఏం జరుగుతుందో నాకు తెలుసు. వారం కిందట తిరిగినట్టే అందరూ వెనక్కి తిరుగుతారు. ఆ గడుగ్గాయి మళ్ళీ చెయ్యెత్తి అడుగుతాడు, మరి సుగుణ ఆంటీ ఎందుకు పని చేస్తోంది టీచర్ అని. నేనేం చెప్పాలి?

"అంతే! ఇప్పుడు గాడిద ఎలా అరుస్తుందో చూపించండి" అన్నాను.

హాలు హోరెత్తిపోయింది. గాడిద కూతలు, నవ్వులు, ఒకడైతే కింద పడి దొర్లాడు. బయట నుంచి తల్లిదండ్రులు తొంగి చూసి, మీ క్లాసంటే మా వాడికి ప్రాణం సిస్టర్ అన్నారు. సుగుణ కూడా నవ్వింది. ఆ నవ్వు నేను సరిగ్గా చూడలేదు. తను కూడా చిన్నప్పుడు సండే స్కూలుకి వెళ్ళిన మనిషే. తనకి ఆ చివరి మాట తెలుసా? తెలిసే నవ్విందా? అడిగే మొహం నాకెక్కడిది.

గాడిదకి సెలవిచ్చాను. సుగుణకి ఇవ్వలేదు. ఆ మధ్యాహ్నం మా ఇంటికి మూడు కుటుంబాలొచ్చాయి, అందరికీ తనే వండింది.

కొన్ని నెలల తర్వాత చెల్లెలి ఒప్పందం అయిపోయింది. అటునుంచటే కువైట్‌లో పని దొరికిందట. "చెల్లి వెళ్ళిపోయిందక్కా," అంది సుగుణ, బట్టలు మడత పెడుతూ. రెండేళ్ళు ఒకే ఊళ్ళో ఉండి అక్కాచెల్లెళ్ళు ఒక్కసారి కూడా మొహాలు చూసుకోలేదు. నేను అయ్యో అన్నాను. నిజంగానే అయ్యో అనిపించింది కూడా. అదే నాకు ఇప్పటికీ అంతుపట్టదు. నా వల్లే జరిగినదానికి, దారిన పోయేదాన్లా ఎలా జాలిపడ్డాను? బాబు బడికెళ్ళే వయసొచ్చాక సుగుణ ఇండియా వెళ్ళిపోయింది. తర్వాత చెల్లెల్ని చూసిందో లేదో నేను కనుక్కోలేదు.

నేను మాత్రం ఆ ఆజ్ఞని అలాగే నేర్పుతూ పోయాను. సుగుణ లేకపోయినా సరే. ఒకసారి కోసేసిన మాటని మళ్ళీ అతికించాలంటే ఎప్పుడు పోయిందో చెప్పాలి కదా. ఎంతమంది పిల్లలు గాడిద దగ్గర ఆపడం నేర్చుకున్నారో లెక్కలేదు.

ఈ ఏడాది ఆ క్లాసు మా అమ్మాయికి అప్పగించాను. కాలేజీ పిల్ల, నాకంటే ఓపిక ఎక్కువ. పాఠం తయారుచేసుకుంటూ పుస్తకం చూసి, "అమ్మా, ఎండింగ్‌లో ఇంకోటి ఉంది, పరదేశి అని. నువ్వు మాకు నేర్పలేదేంటి?" అంది.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. టీ చల్లారిపోతోంది.

"మర్చిపోయుంటాను," అన్నాను.

"ఓకే లాహ్. గాడిదే ఫన్నీగా ఉంది," అని పుస్తకం మూసేసింది.

పోయిన ఆదివారం వెళ్ళి వెనక కూర్చున్నాను, సుగుణ కూర్చునే వైపు. నా పక్కన ఎవరింట్లోనో పనిచేసే కొత్తమ్మాయి, ఒళ్ళో వాళ్ళ పాప. మా అమ్మాయి ఒక్కో మాటా చెప్పించుకుంటూ వచ్చింది. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు. గాడిద రాగానే హాలు హోరెత్తింది. ఆ అమ్మాయి పాప చేతులు పట్టుకుని చప్పట్లు కొట్టించింది, నన్ను చూసి నవ్వింది. నేను లేచి చెప్పొచ్చు. చెప్పలేదు. నేనూ చప్పట్లు కొట్టాను.

ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. దీనివల్ల ఎవరికీ ఏం ఒరగదు. సుగుణకి ఒక్క ఆదివారం కూడా తిరిగి రాదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీరిచ్చేది కాదు. కానీ ఆ మాట ఒక్కసారైనా నా నోటితో నేను అనాలి. నువ్వు పని చెయ్యకూడదు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ ఎద్దు, నీ గాడిద, నీ ఇంట్లో ఉన్న పరదేశి. నేను మర్చిపోలేదు. ఆమెని చూసి ఆపేశాను.