గీసే ముందు చోటు అడగమన్న మాస్టారు

మా కంప్యూటర్ మాస్టారు పోయారని మొన్న చోడవరం నుంచి పాత స్నేహితురాలు ఫోన్ చేసింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదల్లేకపోయాను. మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు ఆయనకు ఒక్క ఉత్తరం ముక్కయినా రాయలేదు. ఆ సిగ్గుతోనే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

తొంభైల చివర్లో ఆయన చోడవరంలో ఒక మేడమీద గదిలో మూడు కంప్యూటర్లు పెట్టుకుని పాఠాలు చెప్పేవారు. అప్పటి బ్రౌజర్లలో బొమ్మ గీసే సదుపాయం లేదు. అందుకని మాస్టారే జావాస్క్రిప్ట్‌లో బొమ్మలు గీయడానికి రెండు పేజీల చిన్న ప్రోగ్రాం, లైబ్రరీ అంటారే అది, రాసుకున్నారు. ముందు వెడల్పు, ఎత్తు చెప్పి తెర మీది పేజీలో కాస్త చోటు అడగాలి. అది ఇచ్చాకే అందులో గీత పడుతుంది. నేనేమో తొందర మనిషిని. చోటు అడక్కుండానే గీతలు మొదలెట్టి, తెర ఖాళీగా ఉంటే కంప్యూటర్‌ని తిట్టేదాన్ని.

"ఆకెయ్యకుండా అన్నం వడ్డిస్తావేటే గుంటా?" అనేవారు, చేతులు వెనక్కి కట్టుకునే. మా వైపు ఆడపిల్లని గుంట అనే అంటారు. మా కీబోర్డు ఆయన ఏనాడూ ముట్టలేదు. ఆ చోటడిగే ఒక్క వరుసా ఆయనే కొట్టేయొచ్చు కదా అని నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు బెల్లం వంట మధ్యలో వదిలేసి మా నాన్న రావికమతం నుంచి వచ్చారు. నన్ను కోర్సు మాన్పించి ఇంటికి తీసుకుపోవడానికే వచ్చారు. వెళ్లేముందు నేర్చుకున్నది చూపించమన్నారు మాస్టారు. మా చెరకు తోట గీశాను. నేల పైకెళ్లింది, ఆకులు కిందికొచ్చాయి. నేను నేల నుంచి పైకి కొలిచాను. తెర మీద కొలత పై అంచు నుంచి కిందికి నడుస్తుంది.

"ఏటమ్మా, సెరకు తలకిందులుగా మొలిసింది?" అన్నారు నాన్న.

"తప్పెక్కడుందో మీ గుంటకి తెలుసు బాబూ. కూకోండి, అదే దిద్దుతాది," అన్నారు మాస్టారు.

నిజానికి నాకు తెలీదు. ఆయన అలా అనేశాక తెలుసుకోక తప్పలేదు. రాసింది వరుస వరుసా మళ్లీ చదివాను. చివరికి మొత్తం ఎత్తులోంచి నా కొలత తీసేస్తే చెరకు నిటారుగా నిలబడింది.

నాన్న దగ్గరకొచ్చి చెరకు కొసను వేలితో తాకారు. "ఉండనీండి మాస్టారూ, సదువుకోనీండి," అని ఒక్కరే బస్సుకి వెళ్లిపోయారు.

బెల్లం అంటిన ఆ వేలిముద్ర తెర మీద ఉండిపోయింది. రోజూ పొద్దున్నే గుడ్డతో తెరలు తుడిచే మాస్టారు, నా కోర్సు అయ్యేదాకా, ఆ కాస్త మేర వదిలేసి చుట్టూ తుడిచేవారు.