బొమ్మల చదువుకు పెట్టిన సంతకం

రెండు వారాల కిందట ఒక ఆదివారం మా ఆడపడుచు తన కూతుర్ని వెంటబెట్టుకుని జవహర్‌నగర్ నుంచి మా నాగారం ఇంటికి వచ్చి, చాయ కూడా ముట్టకుండా, ఒక ప్రైవేటు కాలేజీ ఇచ్చిన సీటు కాగితం నా ముందు పెట్టింది. నాలుగేళ్ల శిల్పకళ డిగ్రీ. ఫీజుకు బ్యాంకు అప్పు తప్ప వేరే దారి లేదు. పిల్లతో పాటు తల్లి కూడా సంతకం పెట్టాలి.

"సూడు పిల్లా, మన ఇండ్లల్ల గీ సదువు సదివింది నువ్వొక్కదానివే. పెట్టుమంటే పెడ్త, వద్దంటే గీడ్నే చింపేస్త," అంది.

పక్కన నిలబడ్డ ఆమె కూతురు, నాకు వరసకు కోడలు పిల్ల, నవ్వింది. "గట్ల మొకం పెట్టకు అత్తమ్మా, నీకేం ఉరిశిక్ష ఏస్తలేరు. మంచిగ సోంచాయించి జెప్పు."

వారం గడువు అడిగాను. ఆ వారమంతా పాపను నిద్రపుచ్చాక ఆ కాగితం ముందేసుకుని కూర్చుంటే, అందులో ఆ పిల్ల భవిష్యత్తుకు బదులు నా గడిచిపోయిన ఏళ్లే కనబడుతూ వచ్చాయి.

ఇంజనీరింగులో చేరని పిల్లను ఇంటికి వచ్చిన చుట్టాలు జబ్బుమనిషిని పలకరించినట్టు పలకరించే రోజులు మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. మా పెదనాయిన, మేనమామలు, చివరికి మా బడి హెడ్‌మాస్టరు కూడా బొమ్మలు చేస్తే కూడు రాదన్నారు. మా నాయిన ఒక్కడే ఏమీ అనలేదు. ఆయన కరీంనగర్ రోడ్డు పొడవునా ప్లాట్లు అమ్మించే మధ్యవర్తి. చదువు ముగిసేదాకా కిస్తీ కట్టనక్కరలేదని బ్యాంకు మేనేజరు చెప్తే, అప్పటిదాకా వడ్డీ కూడా ఉండదనే అనుకున్నాడు. ఆయన చేయించే బేరాల్లో బయానా కింద అడ్వాన్సు ఇచ్చాక రిజిస్ట్రేషన్ రోజు వరకు మిగతా సొమ్ముకు వడ్డీ ఉండదు మరి. నాలుగు లక్షలకు సంతకం పెట్టి, బయటికొచ్చి నాకు చెరుకురసం తాగించాడు.

ఆ నాలుగేళ్లు బాగుండలేదని మాత్రం అనలేను. ఇనుప చువ్వల చుట్టూ తడిమట్టి మెత్తి, సాయంత్రం పోయేటప్పుడు అది ఎండకుండా తడి గోనెపట్టా కప్పి, పొద్దున్నే వచ్చి పట్టా తీసేటప్పుడు లోపల ఎవరో నిద్రలేస్తున్నట్టుండేది. అలాంటి పొద్దులు మళ్లీ నాకు రాలేదు.

డిగ్రీ చేతికొచ్చేసరికి వడ్డీ కలిసి నాలుగు లక్షలు ఆరుకు దగ్గరపడ్డాయి. మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు టీచరుగా చేరాను. వాళ్లిచ్చే జీతం, బ్యాంకు అడిగే కిస్తీ ఇంచుమించు ఒకటే. బస్సు చార్జీలకు అమ్మ దగ్గర చేయి చాచేదాన్ని. నేను నేర్చిన విద్యతో వాళ్లకు పడిన అవసరం పంద్రాగస్టుకు థర్మకోల్ అక్షరాలు కోయడం.

అలా రెండేళ్లు గడిచాక, నాయిన దోస్తు ఒకాయన శామీర్‌పేట దగ్గర వెంచర్ వేస్తూ, గేటుకు అటూ ఇటూ రెండు సిమెంటు గుర్రాలు కావాలన్నాడు. ఇద్దరు మేస్త్రీలను పెట్టుకుని, పరంజా ఎక్కి, నాలుగు నెలలు చేశాను. చదువుకున్న పని చేసి సంపాదించింది నా జీవితంలో ఆ ఒక్కసారే. పని పూర్తయ్యాక ఆయన, రొక్కం కావాలంటే లక్షన్నర, లేదంటే వెనకవైపు ఒక చిన్న ప్లాటు, ఏది కావాలో చెప్పమన్నాడు. నేను రొక్కమే అందామనుకున్నాను.

"పైసలు చేతికొస్తే బ్యాంకోడు గుంజుకపోతడు బిడ్డా," అన్నాడు నాయిన. "జాగైతే నీ పేరు మీద ఉంటది. రెండేండ్లాగు, గా ఒక్క జాగతోనే అప్పంత తీరుస్త."

ఆయన తప్పేమీ లేదు. నిన్న గజానికి పలికిన ధర ఇవాళ పలకని చోట బతికిన మనిషి. రొక్కం కరిగిపోవడమే చూశాడు తప్ప భూమి కరగడం చూడలేదు. ఆ ఏడు వానలకు చెరువు నీళ్లు ఆ ప్లాటు హద్దురాళ్ల మీదికి వచ్చి నిలబడ్డాయి. అది చెరువు నిండితే మునిగే శిఖం భూమి అని, రిజిస్ట్రేషన్ కాదని అధికారులు తేల్చారు. దోస్తు ఫోన్ ఎత్తడం మానేశాడు. నాయిన పోయేదాకా దాన్ని "మన ప్లాటు" అనే అన్నాడు. ఇప్పుడు ఆ అప్పు కిస్తీ, మందుల ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయన జీతంలోంచి పోతోంది. ఆయన ఒక్క మాట అనడు. అనకపోవడమే నాకు బరువు. వచ్చే ఏడు పాపను బడిలో వేయాలి.

మొన్న ఆదివారం వాళ్లు మళ్లీ వచ్చారు. నా జీతం, కిస్తీ, గుర్రాలు, ప్లాటు అన్నీ దాచకుండా చెప్పి, వద్దన్నాను.

పిల్ల సీటు కాగితం చేతిలోకి తీసుకుంది. "గప్పుడు నీకెవలు జెప్పలేదా అత్తమ్మా?"

"అందరు జెప్పిన్రు."

"మరెందుకు ఇనకపోతివి?"

"వాళ్లకు మట్టి గురించి ఏం తెల్సు అనుకున్న."

కాగితాన్ని మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. "నీకు తెల్సు గదా. సరే," అంది. మా ఆడపడుచు ఊపిరి పీల్చుకుని, అప్పుడే బీకాం సంగతి ఎత్తుకుంది.

మన రోజుల్లో వద్దన్నవాళ్లకు ఆ చదువు తెలియదు. అందుకే వాళ్ల మాట దాటిపోవడం నాకు సులువైంది. నష్టపోయినా, నా ఇష్టానికి నష్టపోయాను. ఈ పిల్లకు ఆ వీలు కూడా లేకుండా పోయింది. లెక్కలన్నీ నిజమే, నేను అబద్ధం చెప్పలేదు. కానీ తడిపట్టా తీసే ఆ పొద్దుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే చేరుతుందని నాకు తెలుసు.